బొటనవేలు

రెండువేల ఎనిమిది వందలు, పైన ఒక టేబుల్ ఫ్యాను.
డెబ్భై ఆరులో నా హిల్మన్ మింక్స్ ధర అది.
రాయపేటలో తోళ్ళ వ్యాపారి షెడ్డుకి వెళ్ళేసరికి
వెనక సీట్లో కోడి పొదుగుతోంది.
పిల్లలయ్యేదాకా ఆగమన్నాడు. ఆగాను.
ఆ డబ్బుకి వేళచ్చేరిలో అర గ్రౌండు వచ్చేదని
మా బావమరిది ఇవాళ్టికీ లెక్క చెబుతాడు.
లెక్క తప్పని మనిషి, పాపం.

దానిది గుడ్డ కప్పు. మూడు తీర్లుగా నిలిచేది:
పూర్తిగా మూత,
పూర్తిగా తీత,
మధ్యలో ఒక సగం.
ముందు కూర్చున్నవాళ్ళకి ఆకాశం, వెనకవాళ్ళకి నీడ.
తిలోత్తమకి ఆ సగమే ఇష్టం.
వెనక మా అత్తగారు పల్లకిలో దేవతలాగా,
ముందు మేమిద్దరం ఎండలో నిలబెట్టిన బడిపిల్లల్లాగా
అడయారు వంతెన దాటేవాళ్ళం.
ఆవిడ గొణిగే మాటలు గాలికి కొట్టుకుపోయేవి,
ఆ కారులో నాకు నచ్చిన సదుపాయం అదొక్కటే.

పుదుపేట దైవసహాయం మా మెకానిక్కు.
మొదటిరోజు క్రాంకు రాడ్డు చేతికిచ్చి అన్నాడు,
అరవంలో అన్నాడు, నాకు తెలుగులో గుర్తుంది:
"నాలుగువేళ్ళతో పట్టండి సార్.
బొటనవేలు వాటి పక్కనే ఉండనివ్వండి, చుట్టూ తిప్పకండి.
ఇంజను ఒక్కోసారి వెనక్కి తంతుంది.
అప్పుడు వదల్లేనివాడి చెయ్యే విరుగుతుంది."
తన కుడి మణికట్టు చూపించాడు.
అతుక్కుంది గానీ ఇంకెటో చూస్తోంది.

ఆ కార్తీకంలో, తుపాను తీరం దాటకముందే,
మౌంట్ రోడ్డు నడిమధ్య కప్పు సగంలో బిగుసుకుపోయింది.
ముందుకి రాదు, వెనక్కి పోదు.
అత్తగారు పొడిపొడిగా ఉన్నారు.
పల్లవన్ బస్సు కిటికీల్లో తలలన్నీ మా మీదే నవ్వాయి.
తిలోత్తమ చెప్పు విప్పి దాంతో నీళ్ళు తోడింది,
ఫ్లోరు చిల్లులోంచి నీళ్ళు వాటంతటవే పోతాయని తెలిసి కూడా.

నడిపిన దూరం కన్నా నెట్టిన దూరం ఎక్కువేమో.
నెట్టినవాళ్ళని మర్చిపోలేదు:
ఇస్త్రీ మురుగేశు,
సైదాపేట స్టేషను హెడ్డు,
పట్టు పంచె ఎగగట్టి దిగిన ఓ పెళ్ళికొడుకు.
పేరడగనే లేదు. ముహూర్తం అందుకున్నాడో లేదో.

తొంభై ఒకటిలో అమ్మేశాను.
ఆస్పత్రి ఖర్చుకి అంటే కథ బాగా అతుకుతుంది,
కానీ అది కాదు.
షెడ్డు అద్దె పెంచారు. నాకూ విసుగొచ్చింది.
అంతే.

మొన్న ఐలాండ్ గ్రౌండ్స్‌లో పాత కార్లు పెట్టారు.
నంబరు చూసి పోల్చుకున్నాను, రంగు చూసి కాదు.
నా రోజుల్లో అది నిలవ మజ్జిగ రంగు,
ఇప్పుడు దానిమ్మ గింజ.
ఓనరు కుర్రాడు, మర్యాదస్తుడు,
కప్పు తీసి చూపించాడు, వేసి చూపించాడు,
ఒంటిచేత్తో, పుస్తకం తెరిచి మూసినట్టు.
సగంలో ఆపమన్నాను.
"ఇందులో సగం కూడా ఉందా అంకుల్?"

అడ్డుతాడు దాటి వెళ్ళాను. ఎవరూ ఆపలేదు.
కమ్మీ మడిచి, గుడ్డ చుట్టి, వారు బిగించి
చేతులే చేసుకుపోయాయి, నేను పక్కన నిలబడ్డాను.
ముందు సీట్ల మీద ఎండ పడింది.
వెనక నీడలో
పిల్ల ఎవరో ఎక్కి కూర్చుని దిగనంది.

ఫోటోలున్నాయా, పాత కాగితాలున్నాయా అనడిగాడు.
అన్నీ ఇస్తానన్నాను.
"అసలు క్రాంకు రాడ్డు?"
లేదన్నాను.

సాలిగ్రామంలో మా బాల్కనీ తలుపుకి అదే అడ్డం.
రాత్రి గడియ పెట్టడానికి వంగి దాన్ని తీస్తుంటే
నాలుగువేళ్ళే చుట్టుకుంటాయి.
ఐదోది పక్కన నిలబడి చూస్తుంది.

"ఇచ్చేయాల్సింది కదా," అంది లోపల్నుంచి తిలోత్తమ.
"తలుపు కొట్టుకుంటుంది," అన్నాను.